‘స్టేట్’ అంటే రాష్ట్రమేనా?



ప్రతి ఏడాది జూన్‌లో బడులు తెరిచే వేళకు మీరిచ్చే పైకంతో మన పిల్లలకు నోట్‌బుక్కులు, బ్యాగులు, గైడ్లు, డిక్షనరీలు అందుతున్నాయి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఈ వ్యాసం ఆ వస్తువుల లెక్క చెప్పడానికి కాదు. ఆ నోట్‌బుక్కులోకి ఎక్కిన ఇంగ్లిష్ మాట పిల్లవాడి బుర్రలోకి ఎలా ఎక్కుతుంది, ఎందుకు ఎక్కకుండా పోతుంది అన్నది చెప్పడానికి. అది తెలిస్తే వచ్చే ఏడాది మీ సాయం దేనికి ఎక్కువ పనికొస్తుందో మీరే నిర్ణయించుకోగలరు.

జల్‌పల్లి, షాహీన్ నగర్, ఎర్రకుంట, పహాడీ షరీఫ్ వైపు ఏ ఇంటికైనా వెళ్ళి, ఆరో తరగతి దాటిన పిల్లల సంచీ తెరిచి చూడండి. ‘వర్డ్ మీనింగ్స్’ అని అట్ట మీద రాసిన నోట్‌బుక్ ఒకటి తప్పకుండా ఉంటుంది. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు తెలుగులోనో ఉర్దూలోనో దాని అర్థం. రోజుకు పది మాటలు, వారానికి ఒక డిక్టేషన్. రాత ముత్యాల్లా ఉంటుంది, ఎర్ర సిరాతో ‘గుడ్’ అని కూడా ఉంటుంది. ఇంత శ్రమపడ్డ పిల్లవాడు పదో తరగతి ప్రశ్నపత్రం ముందు మాత్రం తడబడతాడు.

నా క్లాసులో ఒక అబ్బాయి భౌతికశాస్త్రం పరీక్షలో ‘స్టేట్ ఓమ్స్ లా’ అన్న ప్రశ్నను ఖాళీగా వదిలేశాడు. పేపర్లు ఇచ్చేటప్పుడు దగ్గరకు పిలిచి ఓమ్ నియమం ఏమిటని ఉర్దూలో అడిగితే, పొటెన్షియల్ డిఫరెన్స్, కరెంట్ ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయో, ఉష్ణోగ్రత మారకూడదన్న షరతుతో సహా చెప్పాడు. మరి ఎందుకు రాయలేదురా అంటే, “సార్, స్టేట్ అంటే రాష్ట్రం కదా, ఇది ఏ రాష్ట్రం సంగతో అర్థం కాలేదు” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అతని నోట్‌బుక్ తెరిపిస్తే నిజంగానే ‘స్టేట్ = రాష్ట్రం’ అని ఉంది, పక్కన రైట్ మార్కు ఉంది. రాసుకున్నది తప్పు కాదు. బట్టీ పట్టినది మరిచిపోలేదు. అయినా మార్కులు పోయాయి. విజ్ఞాన శాస్త్రం రాక పోయిన మార్కులు కావవి, ఒక్క మాటకు ఒక్క అర్థమే ఉంటుందని నమ్మి పోగొట్టుకున్నవి.

ప్రశ్నపత్రాలను ఈ కంటితో చూస్తే ఇలాంటి గుంటలు ఎన్నో కనబడతాయి. జస్టిఫై, డిస్టింగ్విష్, మెన్షన్, అకౌంట్ ఫర్, ఇవన్నీ పిల్లవాణ్ణి ఒక పని చేయమని చెప్పే మాటలు. ఏ పని చేయాలో తెలియకపోతే ఎంత చదివి ఏం లాభం? లెక్కల పుస్తకం ఇంకా గడుసుది. అది రోజూ వినే మాటల్నే తీసుకుని వేరే పనికి పెడుతుంది. ‘మీన్’ అంటే అక్కడ సగటు. ‘ఆడ్’ అంటే వింత కాదు, బేసి సంఖ్య. ‘రూట్’ అంటే చెట్టు వేరు కాదు, వర్గమూలం. ‘పవర్’ అంటే బలం కాదు, ఘాతం. ‘వాల్యూమ్’ అంటే ఫోన్లో పెంచి తగ్గించే శబ్దం కాదు, ఘనపరిమాణం. మీ చేతిలో ఉన్న ఈ సావనీర్‌ని కూడా వాల్యూమ్ అనే అంటారు. రసాయన శాస్త్రంలో ‘సొల్యూషన్’ ద్రావణం, లెక్కల్లో అదే మాట సమస్యకు సాధన. ఇక ‘ఇంటరెస్ట్’. ఆసక్తి అని రాసుకున్న పాప ‘సింపుల్ ఇంటరెస్ట్’ చూసి సులువైన ఆసక్తి అనుకుంటే ఆమెను ఏమనగలం? సూద్ అంటే తెలియని ఇల్లు మనలో ఉండదు, దానికి దూరంగా ఉండాలని చిన్నప్పటినుంచీ వింటూనే పెరుగుతాం. తెలిసిన ఆ మాటకూ పుస్తకంలోని ఆ మాటకూ మధ్య ముడి వేసినవాళ్ళు లేరు, అంతే.

‘ఫాస్ట్’ అన్న మాటతో నేను ప్రతి ఏడాదీ పాఠం మొదలుపెడతాను. ‘వి ఫాస్ట్ ఇన్ రంజాన్’. ‘ద ట్రెయిన్ ఈజ్ ఫాస్ట్’. ‘ద బేబీ ఈజ్ ఫాస్ట్ అస్లీప్’. మొదటిది రోజా ఉండటం, రెండోది వేగం, మూడోది ఒళ్ళు తెలియని నిద్ర. మాట ఒక్కటే, అర్థాలు మూడు. అర్థాన్ని బయటపెట్టింది ఎవరు? చుట్టూ ఉన్న మిగతా మాటలు, అంటే వాక్యం. ఈ మూడు వాక్యాలు బోర్డు మీద రాసి, ఇప్పుడు ఫాస్ట్ అంటే ఏమిటో చెప్పండి అంటే పిల్లలు ఒక్క క్షణం ఆగి, “ఏ వాక్యంలో సార్?” అని ఎదురడుగుతారు. ఆ ఎదురుప్రశ్న వచ్చిన రోజు నా పని సగం అయినట్టు.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. మన పిల్లలకు జ్ఞాపకశక్తి ఎక్కువ. హిఫ్జ్ చేసిన పిల్లల సంగతి సరే, మామూలు పిల్లలు కూడా చిన్నప్పటినుంచీ సూరాలు, దుఆలు కంఠస్థం చేస్తారు కాబట్టి నోటికి నేర్వడం వాళ్ళకు కొత్త కాదు. వంద మాటల జాబితా ఇస్తే శుక్రవారానికల్లా అప్పజెప్పేస్తారు. ఆ బలమే ఇక్కడ ఇబ్బంది తెస్తోంది. అప్పజెప్పడం బాగుంది కాబట్టి నేర్చుకున్నారనే అనుకుంటాం. ఖుర్ఆన్‌ను నాజరాగా చదవడంలో సవాబు ఉంది. ఇంగ్లిష్ పాఠాన్ని అర్థం కాకుండా చదివితే అలాంటిదేమీ దక్కదు.

అసలు చిక్కు మరోచోట కూడా ఉంది. మా ప్రాంతంలో పిల్లవాడు ఇంట్లో దక్నీ మాట్లాడతాడు, గల్లీలో దక్నీ, తెలుగు రెండూ కలిపి మాట్లాడతాడు, ఉర్దూ చదువుతాడు, అరబ్బీ లిపిలో ఖుర్ఆన్ చదువుతాడు. 2018లో వచ్చిన చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైంది. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఇంగ్లిష్ మీడియంలో నడుస్తున్నాయి. 2022-23లో ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మంచి ఏర్పాటే. అయితే ఇంట్లో దక్నీ మాట్లాడే పాపకు ఆ ఎదుటి పేజీ కూడా సగం పరాయిదే. ‘హెజిటేట్ = సంకోచించు’ అని రాసుకుంటుంది. సంకోచించడం అంటే ఏమిటమ్మా అంటే తెలియదు. ‘అబండంట్ = సమృద్ధి’. సమృద్ధి అంటే? తెలియదు. ఉర్దూ నిఘంటువు చూసినా ఇదే తంతు. అక్కడ మాటలు లక్నోలో, ఢిల్లీలో దర్బారు దుస్తులు వేసుకుని ఉంటాయి, మన ఎర్రకుంట గల్లీలో తిరగవు. అంటే పిల్లవాడు ఒక తెలియని మాటకు ఎదురుగా మరో తెలియని మాట రాసి, రెండింటినీ బట్టీ పడుతున్నాడు. పేజీ నిండుతుంది, బుర్ర మాత్రం నిండదు.

మరి ఇంట్లో మాట లేదా అంటే, ఎందుకు లేదు? కిందటేడు ‘రిలక్టెంట్’ అన్న మాట పాఠంలో వచ్చింది. గైడ్‌లో ‘విముఖత గల’ అని ఉంది. నేను అర్థం చెప్పలేదు. ఒక సందర్భం చెప్పాను: “చుట్టాలింట్లో పెళ్ళి. వెళ్ళకపోతే బాగుండదు. కానీ అక్కడ మనకు ఇదివరకు అవమానం జరిగింది. తయారవుతారు గానీ కాలు కదలదు. అలాంటప్పుడు ఏమంటారో ఇంట్లో అమ్మీని అడిగి రండి.” మర్నాడు ఒక అమ్మాయి చెయ్యెత్తింది. “జానే కు దిల్ నై బోల్రా అంటారు సార్.” పక్క బెంచీలో తెలుగింటి పిల్ల, “మా అమ్మ అయితే మనసొప్పట్లేదు అంటుంది సార్” అంది. దిల్ బోలకపోవడం, మనసు ఒప్పకపోవడం. రిలక్టెంట్‌కు ఇంతకంటే నిండైన అర్థం ఏ గైడ్‌లోనూ నాకు కనబడలేదు. ఆ మాట చెప్పిన తల్లి బడి మెట్లు ఎక్కలేదు, సంతకం కూడా కష్టంగా పెడుతుంది. ఆ రోజునుంచి ఆమె తన కూతురి ఇంగ్లిష్ చదువులో ఒక టీచర్.

దక్నీకి, తెలుగుకు మధ్య ఉన్న పాత వంతెన ఒకటి మనం వాడుకోవడం లేదు. హాజరు, గైరుహాజరు, జవాబు, ఫిర్యాదు, అర్జీ, మంజూరు, నకలు, దాఖలు, రసీదు, వసూలు, బాకీ, జరిమానా, రాజీనామా. ఇవన్నీ అరబ్బీ, ఫార్సీలనుంచి కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చి ఇంటి మాటలైపోయినవి. తెలుగు పిల్లవాడికీ తెలుసు, దక్నీ పిల్లవాడికీ తెలుసు. ‘కంప్లెయింట్’కు ఫిర్యాదు అని, ‘శాంక్షన్’కు మంజూరు అని, ‘ఫైన్’కు ఉన్న అర్థాల్లో ఒకటి జరిమానా అని రాయిస్తే క్లాసులో ఎవరికీ రెండోసారి చెప్పనక్కర్లేదు. గైడ్లు రాసేవాళ్ళు ఎందుకో వీటిని తీసేసి ‘అభ్యర్థన’, ‘ప్రతిలిపి’ లాంటివి పెడతారు. నూట డెబ్బై ఏళ్ళ కిందటే సి.పి. బ్రౌన్‌కు ఈ మాటల విలువ తెలుసు. ఇంగ్లిష్-తెలుగు, తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులు తెచ్చిన ఆయన, 1854లో తెలుగులో వాడుకలో ఉన్న ఇలాంటి మిశ్రమ, అన్యదేశ్య పదాలకు విడిగా మరో నిఘంటువే వేశాడు. బ్రౌన్ నిఘంటువుల్లో మరో గొప్ప సంగతి ఉంది. మాటకు అర్థం రాసి ఊరుకోకుండా కావ్యాలనుంచీ, జనం నోటి వాడుకనుంచీ ఉదాహరణలు ఇచ్చాడు. అందుకే ఈనాటికీ అవి చదవబుద్ధవుతాయి.

ఇంగ్లిష్ మనకు పూర్తిగా పరాయిది అనుకోవడం కూడా పిల్లల్లో భయం పెంచుతుంది. పైజామా, ఖాకీ, షాంపూ, లూట్ అన్న మాటలు ఇంగ్లిష్‌వాళ్ళు మన దేశపు భాషలనుంచి తీసుకున్నవే. మన తెలుగు పందికొక్కు ఇంగ్లిష్ డిక్షనరీలో ‘బాండికూట్’ అయి కూర్చుంది. అల్-ఖ్వారిజ్మీ పుస్తకం పేరులోని ‘అల్-జబ్ర్’ ఆల్జీబ్రా అయింది. ‘సిఫ్ర్’ అన్న ఒక్క అరబ్బీ మాటనుంచే సైఫర్, జీరో రెండూ పుట్టాయి. ‘మ్యాగజైన్’ వెనక ‘మఖాజిన్’ అంటే గోదాములు ఉన్నాయి. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు ఇలా ఇంగ్లిష్‌లో చేరిన భారతీయ పదాలకు ఒక లావుపాటి నిఘంటువు వేసి దానికి ‘హాబ్సన్-జాబ్సన్’ అని పేరు పెట్టారు. అదేమిటో తెలుసా? మొహర్రం ఊరేగింపుల్లో “యా హసన్, యా హుసేన్” అన్న కేక తెల్ల సిపాయిల చెవికి అలా వినబడిందట. పాతబస్తీ పిల్లలకు ఇది చెబితే మాట ఎంత దూరం తిరిగి ఎలా వంకర పోతుందో వెంటనే పట్టుకుంటారు. అయితే ఇది రుచికోసం వేసే మసాలా మాత్రమే. కడుపు నిండేది వాక్యంతోనే.

వాక్యం లేకుండా మాట రాదన్న సంగతి నా సొంత తెలివేమీ కాదు. పిల్లలకు, పరదేశీయులకు ఇంగ్లిష్ నేర్పినవాళ్ళు కష్టపడి తెలుసుకున్నది. మైకేల్ వెస్ట్ అనే ఆయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేస్తూ బెంగాలీ పిల్లలు ఇంగ్లిష్ చదవలేకపోవడం చూశాడు. పుస్తకంలో కొత్త మాటలు కుప్పగా పోస్తే ఎవరూ చదవలేరని గ్రహించి, తక్కువ మాటలతో నడిచే వాచకాలు రాశాడు. 1935లో ఆయన తెచ్చిన నిఘంటువులో దాదాపు 24,000 పదాలను, పదబంధాలను 1,490 సులువైన మాటలతోనే వివరించాడు. తెలియని దాన్ని తెలిసిన మాటల్లో చెప్పాలన్నది ఆయన పట్టుదల. సంకోచించు, సమృద్ధి అంటూ పిల్లల్ని బెదరగొట్టే మన గైడ్లవాళ్ళు ఆయన దగ్గర పాఠం చెప్పించుకోవాలి. 1953లో అచ్చయిన ఆయన ‘జనరల్ సర్వీస్ లిస్ట్’లో సుమారు 2,000 ప్రధానమైన మాటలున్నాయి. మామూలు ఇంగ్లిష్ రాతలో ఐదింట నాలుగు వంతులు ఆ మాటలతోనే నడుస్తుంది.

అదే కాలంలో జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ, మాటను వాక్యంలో ఎలా వాడాలో చూపించే నిఘంటువు తయారుచేశాడు. 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు తిరిగి వేశారు. ఇవాళ మనం ‘ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్’ అనే పుస్తకానికి మూలం అదే. 1987లో బర్మింగ్‌హామ్‌నుంచి జాన్ సింక్లేర్ బృందం తెచ్చిన ‘కోబిల్డ్’ ఇంకో అడుగు వేసి అర్థాన్నే పూర్తి వాక్యంగా రాసింది.

మన హైదరాబాద్‌కు ఈ పనిలో చరిత్ర లేకపోలేదు. 1919లో పాఠాలు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య చెబుతూనే ఇంగ్లిష్‌ను తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. దానికి పుస్తకాలు అందించిన దారుల్ తర్జుమాలో పనిచేసిన మౌల్వీ అబ్దుల్ హఖ్, 1937లో అంజుమన్ తరక్కీ-ఎ-ఉర్దూ తరఫున పెద్ద ఇంగ్లిష్-ఉర్దూ నిఘంటువు వెలువరించారు. బాబా-ఎ-ఉర్దూ అని పేరుపడ్డ మనిషి ఇంగ్లిష్ నిఘంటువు కోసం అంత కష్టపడ్డాడంటే, ఒక భాష మీద ప్రేమకూ మరో భాష నేర్వడానికీ తగువు లేదనే కదా. ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి 1958లో ఇక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. ఇవాళ్టి ఇఫ్లూ అదే. పాతబస్తీనుంచి సిటీ బస్సులో వెళ్ళేంత దూరం.

సరే, వాక్యం కావాలి అన్నాం. ఏ వాక్యం? గైడ్‌లలో ఉదాహరణ వాక్యాలు ఉంటాయి, కానీ వాటిలో చాలా భాగం దండగ. ‘హి వాజ్ రిలక్టెంట్’. దీనితో ఏం తెలిసింది? రిలక్టెంట్ తీసేసి హ్యాపీ పెట్టినా, టాల్ పెట్టినా, సిక్ పెట్టినా వాక్యం నిలబడుతుంది. నేను పిల్లలకు ఒక చిన్న పరీక్ష నేర్పాను. మీ వాక్యంలో కొత్త మాట మీద వేలు పెట్టి మూసేయండి. మిగిలిన వాక్యం చూసి పక్కవాడు ఆ మాట అర్థం ఊహించగలిగితే అది వాక్యం. లేకపోతే మళ్ళీ రాయండి. ఒక పిల్లవాడు రెండుసార్లు కొట్టేసి మూడోసారి ఇలా రాశాడు: ‘మై బ్రదర్ స్లెప్ట్ లేట్, సో హి వాజ్ రిలక్టెంట్ టు గెట్ అప్ ఫర్ సహ్రీ’. వేలు పెట్టి మూసినా అర్థం బయటికి తొంగిచూస్తోంది. సహ్రీకి ఆలస్యంగా పడుకున్న అన్నను లేపడం ఎంత కష్టమో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట ఇక వాడికి జన్మలో మరుపు రాదు.

‘స్కేర్సిటీ’ అన్న మాటకు గైడ్‌లో ఎడారి దేశం గురించిన వాక్యం ఉంది. మా పిల్లలు రాసింది ఏప్రిల్ నెలలో మా గల్లీకి వచ్చే నీళ్ళ ట్యాంకర్ గురించి, బిందెల వరస గురించి. ఏది గుర్తుంటుందో మీరే చెప్పండి.

వాక్యం రాయిస్తే ఇంకో లాభం, రెండు గడుల జాబితాలో దాక్కున్న తప్పులు బయటపడతాయి. ‘బారో = అప్పు’, ‘లెండ్ = అప్పు’ అని రెండూ ఒకే అర్థంతో ఉంటాయి. తెలుగులో అప్పు ఇస్తాం, అప్పు తీసుకుంటాం. దక్నీలో ఉధార్ దేనా, ఉధార్ లేనా. రెండు భాషల్లోనూ మాట ఒకటే, ఇచ్చిపుచ్చుకోవడమే తేడా. ఇంగ్లిష్‌లో మాటలే వేరు. ‘ఐ బారోడ్ ఎ సైకిల్ ఫ్రమ్ మై కజిన్’, ‘మై కజిన్ లెంట్ మి హిజ్ సైకిల్’ అని రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే సైకిల్ ఎటునుంచి ఎటు పోయిందో కళ్ళకు కనబడుతుంది. దక్నీలో నిన్ననూ, రేపునూ ‘కల్’ అనే అంటాం, క్రియను బట్టి ఏదో తెలుసుకుంటాం. అందుకే యెస్టర్‌డే, టుమారో రెండింటి పక్కనా కల్ అని రాసుకున్న పిల్లవాడు, ‘టుమారో ఐ వెంట్’ అని ధీమాగా రాస్తాడు. ‘ఫ్యాన్ బంద్ కరో’ అనే ఇంటినుంచి ‘క్లోజ్ ద ఫ్యాన్’ వస్తుంది. ‘కడక్ చాయ్’ తాగే పిల్లవాడు ‘హార్డ్ టీ’ అంటాడు, ‘పెద్ద వాన’ చూసిన తెలుగు పిల్లవాడు ‘బిగ్ రెయిన్’ అంటాడు. ఇంగ్లిష్‌లో టీకి తోడు స్ట్రాంగ్, వానకు తోడు హెవీ. ఎందుకంటే కారణం లేదు, వాళ్ళ వాడుక అంతే. మనుషుల్లాగే మాటలకు కూడా జమాఅత్ ఉంటుంది. ఏ మాట ఎవరితో కూర్చుంటుందో జాబితా చెప్పదు, వాక్యమే చెబుతుంది.

ఇప్పుడు మా సాయంత్రం క్లాసులో రెండు గడుల నోట్‌బుక్ లేదు, నాలుగు గడులది ఉంది. మొదటి గడిలో మాట. రెండో గడి ఇంటికి వెళ్ళి నింపాలి: అమ్మీ, దాదీ, పక్కింటి ఆంటీ, ఎవరైనా సరే, ఆ సందర్భంలో నిజంగా అనే మాట. మూడో గడిలో పాఠంలో ఆ మాట వచ్చిన వాక్యం ఉన్నది ఉన్నట్టు. నాలుగో గడిలో పిల్లల సొంత వాక్యం, వేలు పరీక్షలో నెగ్గినది. రోజుకు ఐదు మాటలే. ఐదేనా అని కొందరు తల్లిదండ్రులు మొదట్లో పెదవి విరిచారు, పక్క ట్యూషన్‌లో ఇరవై ఇస్తున్నారట. ఏడాదికి 200 పనిరోజులు వేసుకున్నా ఐదు చొప్పున 1,000 మాటలు. ఆరో తరగతిలో మొదలుపెట్టినవాడు ఎనిమిదిలోకి వచ్చేసరికి వెస్ట్ జాబితా అంత సరుకు పోగవుతుంది. అయితే ఒక షరతు. ఈ రోజు రాసిన ఐదు మాటలు రేపు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి తిరిగి పలకరించాలి. పలకరించని చుట్టం దూరమైనట్టే, తిరగేయని మాటా దూరమవుతుంది. అందుకే శనివారం కొత్త మాటలు ఉండవు, పాతవాటితో కథ చెప్పడమే. ఒకరు ఒక వాక్యం చెబితే పక్కవాళ్ళు ఇంకో పాత మాట పెట్టి దాన్ని పొడిగించాలి. కథ ఒక్కోసారి పహాడీ షరీఫ్ గుట్టమీద మొదలై చంద్రుడి మీద తేలుతుంది. తేలనిస్తాను.

ఇక మీతో చెప్పుకోవాల్సిన మాట. జకాత్ పైకం దేనికి చెల్లుతుందో ఆలిములను అడిగి నిర్ణయించుకోవాల్సిన సంగతి. నేను మాట్లాడేది విరాళాలు, సదకా గురించి. చాలామంది దాతలు పిల్లవాడికొకటి చొప్పున చిన్న పాకెట్ డిక్షనరీలు పంచుతారు. మనసు మంచిదే, కానీ ఆ చీమల అక్షరాల్లో ఉండేది మళ్ళీ మాటకు మాటే. నలభై పాకెట్ డిక్షనరీల బదులు, క్లాసుకు ఉదాహరణ వాక్యాలున్న లెర్నర్స్ డిక్షనరీలు నాలుగైదు కొనివ్వండి. ఐదారుగురు పిల్లలు ఒక పుస్తకం చుట్టూ చేరి వెతకడంలో ఉన్న సందడి వేరు. ‘ఆల్ ఇన్ వన్’ గైడ్లు దయచేసి వద్దు. వాటిలో వాక్యం కూడా రెడీమేడ్‌గా దొరుకుతుంది, ఇక పిల్లవాడు రాసేదేముంది? ఆ డబ్బుతో సులువైన ఇంగ్లిష్ కథల పుస్తకాలు కొంటే ఒక్కో మాట పది చోట్ల పది రకాలుగా ఎదురవుతుంది. నాలుగు గడులు గీసి అచ్చువేసిన నోట్‌బుక్కులు ఇస్తే గీతలు గీయడంలో పోయే అరగంట మిగులుతుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంటే దానిలో ఉచిత డిక్షనరీలు ఉన్నాయి, బొత్తాం నొక్కితే మాట ఎలా పలకాలో వినిపిస్తాయి. దానికి మీ డబ్బు అక్కర్లేదు, ఫోన్ పావుగంట పిల్లల చేతికిచ్చే పెద్దమనసు చాలు. మీలో ఎవరైనా అలాంటి తండ్రులుంటే నా మనవి అదే.

అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేది నాలుగో గడి దిద్దడానికి. జాబితా దిద్దడం నిమిషం పని, వాక్యం దిద్దాలంటే కూర్చోవాలి. ముప్పై మంది పిల్లలు, ఐదేసి వాక్యాలు, రోజుకు 150. మా గల్లీల్లోనే డిగ్రీ, బీఈడీ చేసి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఉన్నారు. దూరం పంపడానికి ఇళ్ళల్లో ఒప్పుకోరు, దగ్గర్లో క్లాసు అంటే సంతోషంగా వస్తారు. అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు ఇద్దరిని పెట్టుకుని నెలనెలా గౌరవవేతనం ఇవ్వగలిగితే ఆ 150 వాక్యాలూ అదే సాయంత్రం దిద్దబడతాయి. తప్పు రాసిన పిల్లవాడికి తప్పు వేడివేడిగా ఉన్నప్పుడే తెలుస్తుంది. వాళ్ళకూ చదివిన చదువు చేతిలో ఆడుతుంది.

క్లాసు చూడ్డానికి మీరు వస్తే మాకు సంతోషం. పిల్లల్ని ఏదైనా అడగాలనిపిస్తే “దీని మీనింగ్ ఏంటి?” అని అడక్కండి, గడగడా అప్పజెబుతారు. ఒక మాట ఇచ్చి మీ ఇంటి గురించో, మీ గల్లీ గురించో ఒక వాక్యం చెప్పమనండి. కాసేపు నిశ్శబ్దంగా ఉంటారు, కంగారు పడకండి, ఆగండి. ‘ట్రస్ట్’ అన్న మాటతో మొదలుపెట్టి చూడండి. ఈ మధ్య పిల్లలు దానికి రెండు వాక్యాలు కట్టారు, ఒకటి నమ్మకం గురించి, రెండోది మన సొసైటీ లాంటి సంస్థల గురించి. ఏది ముందు చెబుతారో నేను చెప్పను.